గీత రాకపోతే ఏం చెప్పాలి: ట్రోపోనిన్ స్ట్రిప్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఇవాళ పని మొదలుపెట్టాం. బంగారు నానో కణాలతో గుండెపోటును పట్టుకునే స్ట్రిప్ తయారు చేయాలి. ప్రెగ్నెన్సీ కిట్‌లో ఎర్ర గీత వస్తుంది కదా, చాలా కిట్లలో ఆ ఎరుపు బంగారు కణాలదే. ఇక్కడ హార్మోన్ బదులు ట్రోపోనిన్‌ని పట్టుకోవాలి, తేడా అంతే. చెప్పడానికి ఇంత తేలిక.

ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రోటీన్. సి, టి, ఐ అని మూడు భాగాలు కలిసి ఉంటాయి. వీటిలో టి, ఐ భాగాలకు గుండెకు మాత్రమే చెందిన రూపాలున్నాయి. అవి రక్తంలో పెరిగాయంటే గుండె కణాలు దెబ్బతిన్నట్టే. పాత తరహా పరీక్షల్లో నొప్పి మొదలైన 3, 4 గంటలకు గానీ ఈ పెరుగుదల కనిపించదు. 12 నుంచి 24 గంటల మధ్య బాగా పెరిగి, తర్వాత వారం పది రోజుల దాకా రక్తంలో ఉండిపోతుంది.

మాతో కలిసి పనిచేస్తున్న కార్డియాలజీ డాక్టర్ గారిని కలిశాం. ఈసీజీలో స్పష్టంగా కనిపించే గుండెపోటుకు మా స్ట్రిప్ అక్కర్లేదన్నారు. వాళ్లను నేరుగా, మూసుకున్న గుండె నాళాన్ని తెరిచే క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్లిపోతారట. ఛాతీలో నొప్పి ఉండి, ఈసీజీ మామూలుగా ఉన్నవాళ్ల దగ్గరే అసలు కష్టం. "గీత వస్తే ఏం చేయాలో నాకు తెలుసమ్మా. గీత రాకపోతే ఏం చేయాలో మీరు చెప్పండి" అన్నారు. ఆ మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

3వ రోజు

బంగారు కణాల మొదటి బ్యాచ్ పాడైపోయింది.

మేం వాడుతున్నది 1951లో టర్కెవిచ్ బృందం చెప్పిన పద్ధతి. గోల్డ్ క్లోరైడ్ ద్రావణాన్ని మరిగించి, అందులో సోడియం సిట్రేట్ పోయాలి. సిట్రేట్ రెండు పనులు చేస్తుంది. బంగారు అయాన్లను లోహంగా మారుస్తుంది, పుట్టిన కణాల చుట్టూ చేరి అవి ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. ఎంత సిట్రేట్ పోస్తే ఎంత సైజు వస్తుందో 1973లో ఫ్రెన్స్ లెక్క కట్టి చూపించారు. 50 మిల్లీలీటర్ల 0.01 శాతం గోల్డ్ క్లోరైడ్‌కి 1 శాతం సిట్రేట్ 1 మిల్లీలీటరు పోస్తే సుమారు 16 నానోమీటర్ల కణాలు వస్తాయి. అర మిల్లీలీటరు పోస్తే 41. సిట్రేట్ తగ్గితే కణం పెద్దదవుతుంది. స్ట్రిప్‌కి 40 దగ్గర ఉంటే మంచిది. మరీ చిన్నవైతే రంగు చాలదు, మరీ పెద్దవైతే పొరలో సరిగా పారవు.

మాకు వచ్చింది ఎరుపు కాదు, బురద ఊదా రంగు. అరగంటలో ఫ్లాస్క్ అడుగున నల్లటి మడ్డి దిగింది. నేను సిట్రేట్ కొలత తప్పిందేమో అనుకున్నాను. మేడమ్ వచ్చి ఫ్లాస్క్‌ని లైటుకి ఎదురుగా పట్టుకుని చూశారు. లోపలి గోడ మీద పాత ప్రయోగం తాలూకు సన్నటి పొర ఉంది. ఆ మచ్చల మీదే బంగారం పేరుకుపోయింది. "సబ్బుతో కడిగిన గాజు ఈ పనికి పనికిరాదు" అన్నారు.

5వ రోజు

గాజు సామానంతా ఆక్వా రెజియాతో కడిగాం. మూడు వంతుల హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కి ఒక వంతు నైట్రిక్ యాసిడ్. ఫ్యూమ్ హుడ్ లోపల, మందపాటి గ్లౌజులు, ముఖానికి షీల్డ్. బంగారాన్నే కరిగించేస్తుంది కాబట్టి పాత పొర ఆనవాలు కూడా మిగలలేదు. తర్వాత డీఅయోనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లతో ఆరేడు సార్లు కడిగాం.

ఈసారి ఫ్లాస్క్ ముందు నుంచి కదల్లేదు. లేత పసుపు ద్రావణం తెర్లుతోంది. సిట్రేట్‌ని ఒక్కసారిగా పోశాను. కొన్ని క్షణాల్లో పసుపు విరిగిపోయి నీళ్లలా అయింది. ఏమీ జరగట్లేదేమో అనుకునేంతలో అడుగు నుంచి బూడిద రంగు లేచింది. అది ముదిరి సిరా కలిపినట్టు నీలి నలుపైంది, తర్వాత ఊదా, ఆ తర్వాత అంచుల దగ్గర ఎరుపు. పది నిమిషాలకు ఫ్లాస్క్ మొత్తం దానిమ్మ రసం రంగుకి తిరిగింది. లోపల ఉన్నది బంగారమే, కానీ పసుపు ఎక్కడా లేదు. ఇంత చిన్న కణంలో ఎలక్ట్రాన్లన్నీ వెలుగుకు తగ్గట్టు కలిసి ఊగుతాయి, ఆకుపచ్చ వెలుగును ఎక్కువగా తీసేసుకుంటాయి, మన కంటికి ఎరుపు మిగులుతుంది. 1857లోనే ఫారడే ఇలాంటి ఎర్ర ద్రావణాలు చేసి, ఈ రంగు సన్నగా విడిపోయిన బంగారానిదేనని చెప్పారు.

స్పెక్ట్రోమీటర్‌లో శిఖరం 528 నానోమీటర్ల దగ్గర, సన్నగా, నిటారుగా వచ్చింది. మా జూనియర్ ఆ గ్రాఫ్‌ని ప్రింట్ తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

11వ రోజు

యాంటీబాడీని, అంటే ఒక ప్రోటీన్‌ని గుర్తుపట్టి పట్టుకునే అణువుని, కణాలకు అతికించే పని. ట్రోపోనిన్-ఐ మీద ఒక చోట పట్టుకునే యాంటీబాడీ కణాల మీద ఉండాలి. మరో చోట పట్టుకునేది స్ట్రిప్ మీద గీతగా ఉండాలి. మధ్యలో ట్రోపోనిన్ ఇరుక్కుంటేనే బంగారం అక్కడ ఆగి గీత కనిపిస్తుంది.

ఏ చోటు పట్టుకునే యాంటీబాడీ ఎంచుకున్నామన్నది ముఖ్యం. రక్తంలోకి వచ్చిన ట్రోపోనిన్-ఐ రెండు చివర్లనీ ఎంజైములు కొరికేస్తాయి. సుమారు 30 నుంచి 110వ అమైనో ఆమ్లం దాకా ఉన్న మధ్య భాగం ట్రోపోనిన్-సి చాటున ఉండటంతో ఎక్కువ సేపు నిలుస్తుంది. రెండు యాంటీబాడీలూ ఆ భాగానివే తీసుకున్నాం.

ఎంత యాంటీబాడీ చాలుతుందో తేల్చడానికి ఉప్పు పరీక్ష చేస్తాం. కణాల పీహెచ్‌ని పొటాషియం కార్బొనేట్‌తో 8.5కి తెచ్చి, ఎనిమిది ట్యూబుల్లో యాంటీబాడీని పెంచుకుంటూ వేశాం. పావుగంట తర్వాత 10 శాతం ఉప్పు నీళ్లు. ఒళ్లంతా యాంటీబాడీ కప్పుకున్న కణం ఉప్పుకి చెదరదు, ఎర్రగానే ఉంటుంది. ఖాళీ చోట్లున్న కణాలు గుంపు కట్టి నీలమైపోతాయి. మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాముల దాకా నీలం, 5 దగ్గర ఊదా, 6 నుంచి ఎరుపు. ఒడిదుడుకుల కోసం కాస్త ఎక్కువ వేసి 8 తీసుకున్నాం. మిగిలిన సందుల్ని బీఎస్ఏ అనే ఆవు రక్తపు ప్రోటీన్‌తో కప్పాం.

16వ రోజు

మొదటి స్ట్రిప్ నడిచింది! మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల ట్రోపోనిన్ వేస్తే పది నిమిషాల్లో రెండు గీతలూ వచ్చాయి. ట్రోపోనిన్ లేని ఖాళీ బఫర్‌కి (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం), స్ట్రిప్ పనిచేస్తోందని చూపే కంట్రోల్ గీత ఒక్కటే. అందరం చప్పట్లు కొట్టాం.

23వ రోజు

వారం నుంచి నిద్ర లేదు. ఉదయం వేసిన స్ట్రిప్‌కి గీత వస్తోంది, సాయంత్రం అదే ట్యూబులోంచి తీసి వేస్తే రావట్లేదు. మర్నాడు మళ్లీ కొత్తగా కలిపితే వస్తుంది, మూడు గంటలయ్యేసరికి మాయం. 100 నానోగ్రాములకు తేడా లేదు. 5, 2, 1 దగ్గరే ఈ గొడవంతా.

ముందు కణాలను అనుమానించాం. కొత్త బ్యాచ్ చేశాం, మారలేదు. పొర మీద యాంటీబాడీ ఆరబెట్టడంలో లోపమా అనుకుని 37 డిగ్రీల్లో ఇంకాసేపు ఉంచాం, మారలేదు. గాలిలో తేమ అనుకున్నాం. ఎవరి చేతివాటం వల్లో అనుకుని ఒకరి స్ట్రిప్‌లు ఇంకొకరు వేసి చూశాం. టెన్షన్‌లో నేను జూనియర్ మీద విసుక్కున్నాను కూడా. తర్వాత సారీ చెప్పాను.

27వ రోజు

దొరికింది! తప్పు స్ట్రిప్‌ది కానే కాదు, ట్యూబుది.

మేం కొన్నది విడిగా ఉన్న ట్రోపోనిన్-ఐ. ఈ ప్రోటీన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 10కి దగ్గరగా ఉంటుంది. అంటే మామూలు పీహెచ్‌లో దీని మీద ధనావేశం బాగా ఉంటుంది. కనిపించిన ఉపరితలానికల్లా అంటుకుపోయే గుణం దానిది. ఎక్కువ మోతాదులో ఉన్నప్పుడు గోడకి కొంత పోయినా తెలియదు. మిల్లీలీటరుకు 2 నానోగ్రాములే ఉన్నప్పుడు ట్యూబు గోడ ఒక్కటే దాదాపు మొత్తం మింగేస్తుంది.

జూనియర్ ఒక చిన్న ప్రయోగం చేసింది. 5 నానోగ్రాముల ద్రావణాన్ని ఒక ప్లాస్టిక్ ట్యూబులో పోసి, పది నిమిషాలకు దాన్నే రెండో ట్యూబులోకి, ఆ తర్వాత మూడు, నాలుగు ట్యూబుల్లోకి మార్చుకుంటూ పోయింది. ప్రతి ట్యూబు నుంచీ ఒక స్ట్రిప్ వేసింది. మొదటి స్ట్రిప్‌లో గీత చక్కగా ఉంది. రెండో దానిలో పల్చబడింది. మూడో దానిలో స్ట్రిప్‌ని వంచి చూస్తేనే ఉందనిపిస్తుంది. నాలుగోది ఖాళీ. నాలుగు స్ట్రిప్‌లనీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి నాకు చూపించింది. ఏమీ మాట్లాడలేదు.

అంటే వారం రోజులుగా మేం లేని ట్రోపోనిన్ కోసం వెతుకుతున్నాం. స్ట్రిప్ సరిగ్గానే చెప్తోంది, లేదని.

మందు రెండు రకాలుగా వేశాం. కలిపే ద్రావణంలో 1 శాతం బీఎస్ఏ, కొద్దిగా డిటర్జెంట్ వేసి, ప్రోటీన్ అంటని ట్యూబులు వాడాం. అంతకంటే పెద్ద మార్పు, విడి ఐ బదులు మూడు భాగాలూ కలిసున్న ట్రోపోనిన్ కాంప్లెక్స్‌కి మారాం. గుండెపోటు రోగి రక్తంలో కూడా ఐ ఎక్కువగా సి తోడుతోనే తిరుగుతుంది. ప్రామాణికంగా వాడే, అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ నమూనా, ఎస్ఆర్ఎం 2921, కూడా కాంప్లెక్సే. ముందే ఆలోచించాల్సిన సంగతి ఇది. కాంప్లెక్స్‌తో ఉదయం, సాయంత్రం, మర్నాడు ఒకే గీత.

దీంతో ఇంకో ప్రశ్న పుట్టింది. రక్తం తీసే ట్యూబులో అది గడ్డకట్టకుండా ఏ మందు ఉంటుంది? ఈడీటీఏ అయితే కాల్షియాన్ని లాక్కుని ట్రోపోనిన్ కాంప్లెక్స్‌ని వదులు చేస్తుంది. హెపారిన్ అయితే ప్రోటీన్‌కే అంటుకుని కొన్ని యాంటీబాడీలకు అడ్డం వస్తుంది. ఇకపై ప్రతి నమూనా పక్కన ట్యూబు రకం కూడా రాయాలని నిర్ణయించాం.

31వ రోజు

హుక్ ఎఫెక్ట్ చూశాం. ట్రోపోనిన్ మరీ ఎక్కువైతే కణాల మీది యాంటీబాడీలూ, గీత మీది యాంటీబాడీలూ విడివిడిగా నిండిపోయి, రెండింటినీ కలిపే వంతెన ఏర్పడదు. ఎంత ఎక్కువ ఉంటే గీత అంత పల్చనవుతుంది. మా స్ట్రిప్‌లో ఇది మిల్లీలీటరుకు 5000 నానోగ్రాముల దగ్గర మొదలైంది. పెద్ద గుండెపోటులో కూడా సాధారణంగా అంత ఉండదు. ఇక్కడితో దీన్ని వదిలేశాం.

37వ రోజు

ఇప్పటిదాకా శుభ్రమైన బఫర్. ఇవాళ మనిషి సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ట్రోపోనిన్ కలిపి వేశాం. గీత సగానికి పడిపోయింది.

సీరంలో లీటరుకు దాదాపు 40 గ్రాముల ఆల్బుమిన్ ఒక్కటే ఉంటుంది. హై సెన్సిటివిటీ ట్రోపోనిన్-టి పరీక్షలో ఆరోగ్యవంతుల హద్దుగా తీసుకునే 99వ పర్సంటైల్ విలువ లీటరుకు 14 నానోగ్రాములు. బరువులో చూస్తే ఒక వంతు ట్రోపోనిన్ చుట్టూ 280 కోట్లకు పైగా వంతుల ఆల్బుమిన్. సీరంలో పడగానే కణాల ఒంటి మీద ఈ ప్రోటీన్లన్నీ కోటులా చుట్టుకుంటాయి. ప్రోటీన్ కరోనా అంటారు దీన్ని. మనం ఎంతో జాగ్రత్తగా అతికించిన యాంటీబాడీ ఆ కోటు కింద కప్పబడిపోతుంది.

ఒక దాత సీరంలో ట్రోపోనిన్ కలపకుండానే గీత వచ్చింది. కొందరి రక్తంలో జంతువుల యాంటీబాడీలను పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. మన రెండు యాంటీబాడీలూ ఎలుకవి కాబట్టి ట్రోపోనిన్ లేకుండానే అవే వంతెన కట్టేశాయి. శాంపిల్ ప్యాడ్‌లో మామూలు ఎలుక యాంటీబాడీని (ఐజీజీ) ఎక్కువగా నింపి ఆరబెట్టాం. దొంగ గీత పోయింది.

44వ రోజు

లెక్క చూసుకుంటే దిగులేసింది. కంటికి కనిపించే కనీస మోతాదు మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు, అంటే లీటరుకు 2000. కావలసింది పదుల్లో. వంద రెట్ల దూరంలో ఉన్నాం.

వెండి ప్రయత్నించాం. గీత దగ్గర ఆగిన బంగారు కణాల మీద వెండి అయాన్లను హైడ్రోక్వినోన్‌తో లోహంగా మారిస్తే, ప్రతి కణం చుట్టూ వెండి పెరిగి గీత నల్లగా ముదురుతుంది. మొదటిసారి వేయగానే స్ట్రిప్ మొత్తం పాలు పోసినట్టు తెల్లబడింది. బఫర్‌లోని ఉప్పులో ఉన్న క్లోరైడ్‌తో వెండి కలిసి సిల్వర్ క్లోరైడ్ అయిపోయింది. స్ట్రిప్‌ని ముందు డీఅయోనైజ్డ్ నీళ్లతో కడిగి, ఆపై వెండి వేస్తే కుదిరింది. ఐదు నిమిషాల్లో ఆపేయాలి. ఏడో నిమిషానికి ఖాళీ స్ట్రిప్‌లో కూడా నీడలా గీత వస్తోంది. టైమర్ పెట్టుకుని, చెయ్యి ఆడిస్తూ కూర్చున్నాం. లీటరుకు 300 నానోగ్రాముల దాకా దిగాం.

52వ రోజు

ఇప్పుడు అయస్కాంతం. స్ట్రిప్ మీద పడేది రెండు మూడు చుక్కలే. ఒక మిల్లీలీటరు సీరంలో ఉన్న ట్రోపోనిన్ మొత్తాన్ని ముందే ఏరి, చిన్న చుక్కలోకి తెస్తే? దీనికి ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు కావాలి. రెండు రకాల ఇనుప లవణాలను, ఫెర్రస్ ఒక వంతు, ఫెర్రిక్ రెండు వంతులు కలిపి, నైట్రోజన్ కింద అమ్మోనియా పోస్తే క్షణంలో కాటుక నలుపు కణాలు దిగుతాయి. ఇంత చిన్న సైజులో వీటికి ఒక సుగుణం ఉంది. అయస్కాంతం పెట్టినప్పుడే లాగబడతాయి, తీసేస్తే మళ్లీ విడిపోతాయి, గుంపు కట్టి ఉండిపోవు.

2020లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని యింగ్ గె బృందం ఇలాంటి కణాలకు యాంటీబాడీ బదులు చిన్న పెప్టైడ్‌ని (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) తగిలించి, సీరం నుంచి ట్రోపోనిన్-ఐని ఏరి చూపించింది. మాకు పెప్టైడ్ ఇంకా రాలేదు. మూడో చోటు పట్టుకునే యాంటీబాడీతో చేశాం. నల్లటి సీరం ట్యూబుని అయస్కాంతం పక్కన పెడితే రెండు నిమిషాల్లో నలుపంతా ఒక పక్క గోడకి చేరి, సీరం తేటగా అయింది. ఆ నలుపుని కడిగి, పీహెచ్ 2.5 గ్లైసిన్‌తో ట్రోపోనిన్‌ని విడిపించి, వెంటనే ట్రిస్ బఫర్‌తో పీహెచ్ సర్దాం. మిల్లీలీటరు నుంచి 50 మైక్రోలీటర్లకు తెచ్చాం కాబట్టి 20 రెట్లు పెరగాలి. దారిలో పోయింది పోగా 8 రెట్లు మిగిలింది. వెండితో కలిపి బఫర్‌లో లీటరుకు 40 నానోగ్రాముల దాకా, సీరంలో 80 దాకా దిగాం.

80 చాలా? చాలదు. హై సెన్సిటివిటీ మిషన్ చేసే పని ఇది చేయలేదు. ఇంతకంటే అందంగా చెప్పే దారి నాకు కనిపించలేదు. డాక్టర్ గారికి కూడా ఇదే చెప్పాను.

58వ రోజు

స్ట్రిప్‌లు ఆరుతున్నాయి. ఈలోగా ప్రాజెక్టు రెండో సగం, మందు మోసే కణాలు మొదలుపెట్టాం.

మూసుకున్న నాళాన్ని తెరిచాక కూడా గుండెకు గండం గడవదు. ఒక్కసారిగా వచ్చిన రక్తంతో, వెనకే దూసుకొచ్చే మోనోసైట్లనే తెల్ల రక్తకణాలతో మరికొంత కండరం పోతుంది. మందు ఆ చోటికే చేరాలి. దెబ్బతిన్న చోట సన్నటి రక్తనాళాల గోడలు కారుతుంటాయి కాబట్టి నానో కణాలు అక్కడికి జారుకోగలవు. జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయంలో ఎగషిర బృందం పిటవాస్టాటిన్ అనే కొలెస్టరాల్ మందుని, ఒంట్లో కరిగిపోయే పీఎల్‌జీఏ అనే పాలిమర్ కణాల్లో పెట్టి ఎలుకల్లో ఈ నష్టం తగ్గిందని చూపించింది. 2014లో గెట్స్ బృందం దారి వేరు: మందేమీ లేని, రుణావేశం ఉన్న 500 నానోమీటర్ల కణాలను ఎక్కిస్తే మోనోసైట్లు వాటిని మింగి, గుండె వైపు వెళ్లకుండా ప్లీహానికి వెళ్లిపోయాయి. 2012లో కోరిన్, ఇంగ్‌బర్ బృందం గడ్డ ఉన్న చోటే విడిపోయే కణాల గుత్తులు చేసింది. సన్నబడిన నాళంలో రక్తం ఒరిపిడి ఎక్కువ. ఆ ఒరిపిడికే గుత్తి విడిపోయి, గడ్డను కరిగించే టీపీఏని అక్కడ చేరుస్తుంది. నాకు వీటన్నిటిలో బాగా నచ్చింది ఇదే. జబ్బు పుట్టించిన ఇరుకునే తాళంచెవిగా వాడుకోవడం.

ఇవన్నీ జంతువుల్లో జరిగినవి. రక్తంలోకి ఎక్కించిన నానో కణాల్లో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం పట్టేస్తాయి, గుండెకు దక్కేది కొంతే. అందుకే 2018లో ఒక బృందం కాల్షియం ఫాస్ఫేట్ కణాలను పీల్పించి, ఊపిరితిత్తుల మీదుగా గుండెకు పంపింది.

మా పని చాలా చిన్నది. పీఎల్‌జీఏని అసిటోన్‌లో కరిగించి, తిరుగుతున్న నీళ్లలో చుక్కచుక్కగా వేశాం. మందు బదులు ప్రస్తుతానికి మెరిసే రంగు. అసిటోన్ ఎగిరిపోయాక నీలి పొగమంచులాంటి ద్రావణం మిగిలింది, సైజు 150 నానోమీటర్లు. సీరంలో గంట ఉంచితే 400 దాటి గుంపులు కట్టాయి. 37వ రోజు చూసిన ప్రోటీన్ కోటే ఇది. స్ట్రిప్‌లో అది గీతను పల్చన చేసింది, ఇక్కడైతే కణాన్ని దారిలోనే ఆపేస్తుంది. ప్రోటీన్లను దూరంగా ఉంచే పీఈజీ గొలుసులున్న పీఎల్‌జీఏకి మారితే 170 దగ్గర నిలబడింది. మందు పెట్టే ముందు ఈ సంగతి తెలియడం మంచిదైంది.

71వ రోజు

డాక్టర్ గారు అనుమతులన్నీ తీసుకుని 10 మంది రోగుల నమూనాలు పంపారు. పరీక్షలకు వాడాక మిగిలిన ప్లాస్మా, పేర్లు లేకుండా కోడ్ నంబర్లతో. ఒక్కొక్కరివి మూడు: వచ్చిన వెంటనే, గంట తర్వాత, మూడు గంటల తర్వాత. అన్నీ హెపారిన్ ట్యూబులే. ఎవరిది ఏమిటో మాకు తెలియదు.

30 స్ట్రిప్‌లనీ ఒకే రోజు వేశాం. నేను వేస్తే జూనియర్ చదివింది, నాకు చూపించకుండా. కంటితో ఒకసారి, చీకటి పెట్టెలో ఫోన్ కెమెరాతో ఒకసారి. సాయంత్రం కోడ్ విప్పాం.

ఆరుగురికి గుండెపోటు. వచ్చిన వెంటనే తీసిన నమూనాల్లో మా స్ట్రిప్ పట్టుకున్నది ఇద్దరిని. గంట తర్వాతవాటిలో నలుగురిని. మూడు గంటలవాటిలో ఆరుగురినీ. గుండెపోటు లేని నలుగురిలో ముగ్గురికి గీత లేదు. నాలుగో మనిషికి మూడు స్ట్రిప్‌ల మీదా గీత ఉంది, మూడూ ఒకే ముదురు. కిడ్నీ జబ్బున్న మనిషట. డాక్టర్ గారు ఆ మూడు స్ట్రిప్‌లనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "చూశారా, పెరగట్లేదు. పాతది ఇలాగే ఉంటుంది" అన్నారు. గుండెపోటు ఉన్నవాళ్ల స్ట్రిప్‌లలో గీత ఒకదానికంటే ఒకటి ముదురుతూ పోయింది. ఆయన మిషన్ అంకెల్లో వెతికేది కూడా ఆ పెరుగుదలనే.

పది మందితో శాతాలు కట్టను. కానీ వచ్చిన వెంటనే తీసిన నమూనాల్లో నలుగురిని చూడలేకపోయాం. ఆ నలుగురిలో ఇద్దరి మొదటి ఈసీజీ మామూలుగా ఉందట. మా స్ట్రిప్ ఒక్కదాన్నే నమ్మి ఉంటే వాళ్లను ఇంటికి పంపేసేవాళ్లు. ఈ వాక్యం రాసి చాలాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

73వ రోజు

స్ట్రిప్‌తో పాటు ఇచ్చే కాగితాన్ని తిరగరాశాం. మొదటి ముసాయిదాలో "ఒక గీత: నెగెటివ్" అని ఉంది. నెగెటివ్ అన్న మాటనే కొట్టేశాం. దాని బదులు, "ఒక గీత: ఇప్పటికి కనబడలేదు. గంటకు, మూడు గంటలకు మళ్లీ వేయాలి. ఈలోగా రోగిని పంపించకూడదు." కింద గడియారం బొమ్మ, నొప్పి మొదలైన సమయం రాయడానికి ఒక గడి. ఒక్కో కవరులో ఒకటి కాదు, మూడు స్ట్రిప్‌లు. మూడూ పక్కపక్కన అంటించుకుని గీత ముదురుతోందో లేదో చూసుకోవడానికి ఒక అట్ట.

జూనియర్ ఆ అట్ట మీద మూడు గడులు స్కేలుతో గీసి, కత్తిరించి, డాక్టర్ గారికి ఫొటో పంపింది. పది నిమిషాల్లో జవాబొచ్చింది: "సమయం గడి ఇంకా పెద్దది పెట్టండి. రాత్రి డ్యూటీలో చిన్న అక్షరాలు ఎవరూ నింపరు." పెద్దది చేస్తున్నాం.